రుక్మాపూర్ దాటితే గోడ

పొద్దున పట్టాలు తుడుస్తుంటే గుడ్డ రాయి అంచుకు చిక్కుకుంది. రుక్మాపూర్ స్టేషన్ దాటి జానెడు దూరం పోయాక మా రైలు పట్టాలు ఆగిపోతాయి. పట్టాలతో పాటు వాటి కింది రాయీ ఆగిపోతుంది. దాని అవతల ఉన్నది గోడ, ఇంకా సున్నం వాసన వదలని కొత్త గోడ. మిషన్‌తో కోసిన రాయి కాబట్టి ఆ అంచు గరుకుగా ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసు, నా చేతికి తెలియదు. అది పాత అలవాటు కొద్దీ తాండూరు దాకా పోబోతుంది. గుడ్డ చిక్కుకుని, తాండూరు ఇప్పుడిక్కడ లేదని గుర్తు చేస్తుంది.

ఇంట్లో రైలు పట్టాలేమిటి, వాటిని గుడ్డ పెట్టి తుడవడమేమిటి అని అడగడం న్యాయమే. మా ఆవిడ కూడా అడిగింది, కాకపోతే ఆమె ఇప్పటికీ అడుగుతూనే ఉంది. వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఉన్న రైలు మార్గాన్ని, బండినీ స్టేషన్లనూ అసలు వాటిలో ఎనభై ఏడో వంతుకు, దూరాన్ని గదిలో పట్టేటంతకు తగ్గించి మా ముందు గదిలో కట్టుకున్నాం, నేనూ మా బావా. బావ అంటే మా అక్క భర్త. తాండూరులో బండలు కోయించి, పాలిష్ పట్టించి అమ్ముతాడు. నేను వికారాబాద్‌లో ఉంటాను. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి ఏదైనా జరిగిపోయాక చక్కగా వివరించగలను. జరగకముందు మాత్రం నావల్ల ఎవరికీ పెద్దగా ఉపయోగం లేదు.

ఈ సరదాలో రైలు నడపడం తక్కువ, తుడవడం ఎక్కువ. బొమ్మ ఇంజనుకు కరెంటు పట్టాల్లోంచే అందుతుంది. పట్టాల మీద కంటికి కనిపించనంత దుమ్ము పడినా ఇంజన్ నిలబడిపోతుంది. మా ఊళ్ళో కంటికి కనిపించే దుమ్మే కావలసినంత. అందువల్ల వారానికోసారి గుడ్డకు స్పిరిట్ అద్ది రెండు పట్టాలూ కొస నుంచి కొస దాకా రుద్దాలి. చక్రాలు విడిగా రుద్దాలి. ప్లాస్టర్‌తో చేసిన అనంతగిరి గుట్టల మీద సాలెగూళ్ళు తీయాలి. గుట్టల్లో ఒక సొరంగం ఉంది. అసలు లైన్లో సొరంగమేదీ లేదు గానీ, సొరంగం లేకపోతే రైలు ఎందుకని అక్క పట్టుబడితే పెట్టాం. బల్లి ఒకటి అందులో కాపురం పెట్టింది. బండి లోపలికి పోయినప్పుడల్లా ఏది బయటికి వస్తుందోనని కాసేపు ఉత్కంఠగా ఉండేది. ఇంత సేవా ముగించి నేను నడుం పట్టుకుని నిలబడితే మా ఆవిడ తలుపు దగ్గర చెయ్యి నడుముకు పెట్టుకుని, “గిట్ల ఒక్కనాడన్న ఇల్లు ఊడిస్తె పుణ్యముండు” అనేది.

మొదలుపెట్టింది బావ. ఒక రోజు హైదరాబాదు నుంచి తిరిగొస్తూ ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా తిరిగే పట్టాలు ఉన్న డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. పిల్లలకని చెప్పాడు. ఆయన పిల్లలు అప్పటికి పెళ్ళిళ్ళయి ఎవరి ఇళ్ళల్లో వాళ్ళున్నారు. తాండూరులో వాళ్ళింటి వెనకే బండల కార్ఖానా. డబ్బా విప్పి పట్టాలు పరిచేలోపల వాటి మీద తెల్లటి పొర పేరుకుంది. అక్క చూసి, “నా ఇంట్ల రాళ్ళ దుమ్ము సాలు. నీ రైలుబండి మా తమ్ముని ఇంట్ల పెట్టుకో పో, వానికి గూడ పనేం లేదు” అన్నదట. అలా నా ముందు గది రైల్వే వారి స్వాధీనమైంది. నన్నెవరూ అడగలేదు. అడిగినా ఒప్పుకునేవాణ్ణి, అందుకే అడగలేదనుకుంటాను.

ఇలాంటివి కట్టేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడైనా చెక్క బల్లల మీద కడతారు. ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులు బిగిస్తారు, రేపు ఇల్లు మారాల్సి వస్తే విప్పుకుని పోవచ్చని. ఈ సంగతి నేను ఫోన్‌లో వీడియోలు చూసి తెలుసుకుని బావకు చూపించాను. బావ చాలాసేపు చూశాడు. బండలమ్మేవాడికి చెక్క చూపించడం, మిఠాయి దుకాణం వాడికి వేపకాయ చూపించడం ఒకటే. “కట్టెకు చెదలు పడ్తది. వానకు ఉబ్బుతది. రాయికి ఏమైతది చెప్పు?” అన్నాడు. రాయికి ఏమవుతుందో నాకు ఆ రోజు తోచలేదు. మరుసటి ఆదివారం తాండూరు నుంచి నీలం బండలు దిగాయి. మా వంటింటి గట్టు కట్టిన మేస్త్రీయే వచ్చి, గదికి మూడు పక్కలా గోడల్లో గాడి కొట్టి, బండల అంచులు అందులోకి దూర్చి, కింద ఇటుక దిమ్మెలు లేపి సిమెంటుతో బిగించాడు. చూస్తే ముగ్గురు కోడళ్ళున్న ఇంటికి కట్టిన వంటగట్టులా ఉండేది. లోపలి గోడ పక్కన వికారాబాద్. పక్క గోడ పొడుగునా గుట్టలు, ధారూర్, రుక్మాపూర్. వీధి వైపు గోడ పక్కన, కిటికీ కింద తాండూరు. పట్టాలు, స్టేషన్లు, చెట్లు, సిగ్నల్ స్తంభాలు అన్నింటినీ బావ తన దుకాణం జిగురుతో అతికించాడు. రెండు డబ్బాల్లోంచి తీసి కలిపే జిగురు అది, రాయిని రాయికి పట్టించేది. ఒక్కసారి ఆరిందంటే రాయి పగులుతుంది గానీ అది వదలదు. మేము చాలా తృప్తిపడ్డాం.

ఇక నడిపే పద్ధతి. బండి ఊరికే బయల్దేరడానికి వీల్లేదని బావ నియమం పెట్టాడు. అవతలి స్టేషన్ లైన్ ఖాళీగా ఉందని చెప్పాకే ఇవతలి స్టేషన్ బండిని వదలాలి. అసలు రైల్వేలో అంతే కదా. అయితే మేమున్నది ఒకే గది. నేను వికారాబాద్ దగ్గర కుర్చీలో, ఆయన తాండూరు దగ్గర కుర్చీలో. చెయ్యి చాపితే బీడీ అందుకోవచ్చు. అయినా నోటితో చెబితే కుదరదన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి నాకు ఫోన్ చేసేవాడు. నేను ఎత్తేవాణ్ణి.

“హలో, తాండూర్ మాట్లాడుతున్న. లైన్ క్లియర్. బండి ఇడువు.”

“వికారాబాద్. ఇడిశిన.”

మా ఆవిడ చాయ్ తెచ్చి, ఎదురుబొదురుగా కూర్చుని ఫోన్లలో మాట్లాడుకునే ఇద్దరు పెద్దమనుషుల్ని చూసి గ్లాసులు గట్టు మీద పెట్టి, “అన్నా, చాయ్ గూడ ఫోన్ జేస్తెనే తాగుతరా?” అనేది. ఆమె వరసకు ఆయన అన్న. బావ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, బండి రుక్మాపూర్ దాటేదాకా ఆగమని చేత్తో సైగ చేసేవాడు. ఆ చాయ్ మేము ఎప్పుడూ వేడిగా తాగలేదు.

అక్క కొన్ని ఆదివారాలు ఆయనతో పాటు వచ్చేది. స్టేషన్లున్నాయి, మనుషులేరీ అని అడిగి, ఆ పని తను తీసుకుంది. వేలి కణుపంత మనుషుల్ని మైదా ముద్దతో చేసి రంగులు వేసింది. మొదటి విడత ప్రయాణికుల్ని చీమలు ఎత్తుకుపోయాయి. రెండో విడతకు గోడలకు పెట్టే లప్పం వాడింది. కందుల బస్తా మోసే హమాలీ, టోపీ పెట్టుకున్న ముసలాయన, కుండతో నిలబడ్డ ఆమె, అందరి ముఖాలూ ఒకేలా ఉండేవి గానీ నిలబడే తీరును బట్టి ఎవరెవరో పోల్చుకునేవాళ్ళం. చివరికి ఆకుపచ్చ చీరలో తనను తాను చేసుకుని తాండూరు ప్లాట్‌ఫారం మీద నిలబెట్టింది. ఇదెందుకని అడిగాను. “మీ బావ ఐతారమైతె నీ తాన్కి ఉరుకుతడు తమ్మీ. మళ్ళ ఇంటికి వస్తడో రాడో, నేను గీడ నిలవడి సూస్త” అన్నది. బావ జిగురు కలిపి ఆ బొమ్మ కాళ్ళ కింద మరీ కాస్త ఎక్కువే పెట్టాడు. ఆ తర్వాత అక్క చేతికి పెట్టుకోవడం మానేసిన పాత గడియారం పట్టీ తీసి తెచ్చి ఆమె నెత్తి మీదుగా స్టేషన్ గోడకు బిగించాడు. మా కొలతల లెక్కన అది ఎడ్లబండి చక్రమంత గడియారం. ఆదివారం చావి ఇస్తే సోమవారం పొద్దుటిదాకా నడిచేది. మిగతా వారమంతా తాండూరులో ఒకటే టైము.

ఒక వానాకాలం అక్క పోయింది. దాని గురించి ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

దినాలు అయిపోయిన తర్వాతి ఆదివారం బావ ఎప్పటి బండికే వచ్చాడు. రాడనుకున్నాం. వచ్చి, చెప్పులు విడిచి, రంగులు వేసే చిన్న కుంచె తీసుకుని, ముందుగా ఆ ఆకుపచ్చ చీర మీది దుమ్ము దులిపాడు. గడియారానికి చావి ఇచ్చాడు. తర్వాత కుర్చీలో కూర్చుని నాకు ఫోన్ చేశాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే వరస. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి మాకు రైలుంది.

రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట మా వీధిలో చాలా ఏళ్ళుగా ఉంది. ఉండి ఉండి అదొక ఇంటి మనిషిలా అయిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఆదివారం ఇద్దరు మనుషులు టేపు, ఎర్రరంగు డబ్బా పట్టుకుని వచ్చారు. గోడల మీద గీతలు పెట్టుకుంటూ వచ్చి, లోపల ఎందాకా వస్తుందో చూడాలని మా ముందు గదిలోకి అడుగుపెట్టి ఆగిపోయారు. వాళ్ళలో పెద్దాయన నోరు తెరిచి నిలబడ్డాడు. “సార్, గిది నడుస్తదా?” అన్నాడు. నడవకపోవడమేమిటని బావ వెంటనే నాకు ఫోన్ చేశాడు. బండి వికారాబాద్‌లో బయల్దేరి, సొరంగంలో దూరి, బల్లి లేకుండానే బయటికొచ్చి, ధారూర్‌లో ఆగి, తాండూరు చేరింది. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. “మస్తున్నది సార్. మా మనవడు సూడాలె గిది” అన్నాడు. ఆ తర్వాత టేపు పరిచి, పక్క గోడ మీద, సరిగ్గా రుక్మాపూర్ దాటాక, ఎర్రటి గీత గీశాడు.

“గీత జర అటు జరుపరాదు?” అన్నాడు బావ. ఆయన బండల బేరంలో కూడా అంత మెత్తగా అడగడం నేనెన్నడూ వినలేదు.

“అటు జరిపితె అటోళ్ళ ఇండ్లు పోతయి గద పటేలా. నేనేం జేస్త, గీసుడే నా పని.”

అవతలి పక్క ఉన్నది టైర్లకు పంక్చర్లు వేసే భాయ్ దుకాణం. అప్పటికే ఆయన దుకాణం నడిమధ్య కూడా ఇంకో ఎర్రగీత పడింది. సాయంత్రం చూడ్డానికొచ్చి, గుమ్మంలో నిలబడి మా తాండూరు వైపు, తన దుకాణం వైపు మార్చి మార్చి చూశాడు. “క్యా కర్తే సాబ్. మీకు టేషన్ పోతది, నాకు దుకాన్ పోతది. రోడ్ మాత్రం మస్తు అయితది” అన్నాడు. బొమ్మరైలు గురించి ఎవరికైనా మొరపెట్టుకోవాలన్న ఆలోచన నాకు అంతవరకూ కాస్త ఉండింది. ఆయన ముఖం చూశాక పోయింది.

తర్వాత కొన్ని వారాలు మేము చేయగలిగిందంతా చేశాం. అంటే గట్టు చుట్టూ తిరుగుతూ చూశాం. కట్టిన మేస్త్రీని పిలిపిస్తే అతను బండ మీద మడమతో తన్ని, సంతోషంగా తలాడించాడు. “కదలకుంట కట్టమన్నరు, కట్టిన. ఇప్పుడు కదిలియ్యమంటె ఎట్ల సార్? గోడలకెల్లి గుంజితె ముక్కలైతది” అన్నాడు. బొమ్మనైనా కత్తితో లేపుదామని మా ఆవిడ అంది. బావ తల అడ్డంగా ఊపాడు. “కాళ్ళు ఇరుగుతయి చెల్లే. జిగురు వదలది. నేనే అమ్మిన జిగురు, నాకెర్క లేదా?” ఇంకో బొమ్మ చేయించుకోవచ్చని ఎవరూ అనలేదు. నేను ఏదో ఒకటి చెప్పాలని, పాత నగరాలు కూడా ఇలాగే మట్టి కింద భద్రంగా ఉన్నాయని మొదలుపెట్టాను. బావ నా వైపు చూశాడు. ఆపేశాను. చెదలు పట్టకూడదని, ఉబ్బకూడదని, ఊడకూడదని ఎంత జాగ్రత్తపడ్డామో, అంత బాగా దాన్ని పోగొట్టుకునే ఏర్పాటు చేసుకున్నాం. గోడ పడగొట్టే రోజు దగ్గరికొస్తోంది. నేను ఏమైనా అడిగితే బావ “సూస్త” అనేవాడు.

చివరి ఆదివారం ఆయన రైల్లో రాలేదు. బండలు మోసే ట్రాలీ ఆటోలో, పక్కన ఇద్దరు కార్ఖానా హమాలీలతో, ఒళ్ళో చేతి కటింగ్ మిషన్ పెట్టుకుని దిగాడు. పనివాళ్ళను బయట కూర్చోమన్నాడు. లోపలికి వచ్చి కుంచెతో చీర దులిపి, గడియారానికి చావి ఇచ్చి, పెన్సిల్‌తో రాయి మీద గీత గీసుకున్నాడు. తర్వాత తన కుర్చీలో కూర్చుని ఫోన్ తీశాడు.

“తాండూర్ మాట్లాడుతున్న. లైన్ క్లియర్. బండి ఇడువు.”

ఇడిశిన అన్నాను. బండి రుక్మాపూర్ దాకా బాగానే పోయి, అక్కడ నిలబడిపోయింది. ఆ వారం బాధపడడంలో పడి పట్టాలు ఎవరమూ తుడవలేదు. నేను లేచి వెళ్ళి చూపుడువేలితో నెట్టాను. తాండూరుకు చివరి బండి అలా నా వేలి మీద చేరింది. బావ ప్లాట్‌ఫారం వైపే చూస్తూ, “అందింది” అని ఫోన్‌లో చెప్పి పెట్టేశాడు.

మిషన్‌తో రాయి కోస్తే నీళ్ళు పోస్తూ ఉండాలి, లేకపోతే దుమ్ము లేచి కళ్ళు కనబడవు. నన్ను చెంబుతో పోయమన్నాడు. మిషన్ మొదలుపెట్టబోయి ఆగి, గట్టు మీది చాయ్ గ్లాసు ఖాళీ చేసి, స్టీలు గ్లాసు అక్క బొమ్మ మీద బోర్లించాడు. తర్వాత కోశాడు. బూడిదరంగు బురద రుక్మాపూర్ మీదుగా పారి కింద పడుతుంటే, ఆ చప్పుడుకు గ్లాసు రాయి మీద టకటక కొట్టుకుంటూనే ఉంది. గోడలో దూరిన అంచును గోడ వారగా కోస్తుంటే, ఆయన తప్పేమీ లేకుండానే, ఒక మూల ఫట్టుమని విరిగింది. స్టేషన్ గోడ ఆ మూలమీదే ఉంది. గడియారం నేల మీద పడి అద్దం పగిలింది. బావ మిషన్ ఆపి, వంగి, గ్లాసు కొద్దిగా ఎత్తి లోపలికి చూశాడు. మళ్ళీ బోర్లించాడు. “మీ అక్కకు ఏం గాలే” అన్నాడు.

హమాలీలు బండను గోనెసంచుల మీద పడుకోబెట్టి ట్రాలీలో ఎక్కించారు. తాండూరు స్టేషన్ ఆ విధంగా తాండూరుకు వెళ్ళిపోయింది, రోడ్డు మార్గాన.

ఇప్పుడు రోడ్డు వెడల్పయింది. నిజంగానే మస్తుంది. భాయ్ సగం దుకాణంలో పూర్తి పంక్చర్లే వేస్తున్నాడు. మా ముందు గది సగమై, రుక్మాపూర్ దాటాక కొత్త గోడ లేచింది. బావకు రైలెక్కి ఇక్కడికి రావాలనే ఉంటుందట, కానీ వచ్చి కూర్చోవడానికి ఆయన స్టేషన్ ఇక్కడ లేదు. ఆ బండను దుకాణంలో తన బల్ల పక్కనే దిమ్మెల మీద పెట్టించుకున్నాడు, ఏ దుమ్ముకు జడిసి మా ఇంటికి తెచ్చాడో ఆ దుమ్ములోనే. మిషన్లు నడిచే రోజుల్లో బొమ్మ మీద గ్లాసు బోర్లించి ఉంచుతాడు. ఆ గ్లాసు మా సెట్టులోది. ఎవరైనా చుట్టాలొస్తే చాయ్‌కి ఒకటి తక్కువవుతుంది. మా ఆవిడ ఇంతవరకూ అడగలేదు, ఆవిడ అడగని వస్తువు అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం కార్ఖానా బందు. భోజనాలయ్యాక నా ఫోన్ మోగుతుంది.

“తాండూర్ మాట్లాడుతున్న. గ్లాస్ తీసిన. లైన్ క్లియర్. బండి ఇడువు.”

“వికారాబాద్. ఇడిశిన బావా.”

బండి సొరంగం దాటుతుంది, ధారూర్ దాటుతుంది. ఇద్దరం ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంటాం. ఆయన ఊపిరి వినబడుతుంది.

“రుక్మాపూర్ దాటిందా?”

“దాటింది.”

“మంచిది.”

గోడకు తగలకముందే నేను బండిని ఆపేస్తాను. గదిలో పట్టేటంతకు తగ్గించామనుకున్న దూరం మళ్ళీ అసలు దూరమైంది, అంతే తేడా. తాండూరులో ఆకుపచ్చ చీర కట్టుకుని ఒకావిడ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తూనే ఉంది. ఆ స్టేషన్లో ఇప్పుడు గడియారం లేదు గనుక, బండి ఎంత లేటో ఆమెకు చెప్పేవాళ్ళెవరూ లేరు.